దూది ఏకినట్టు: ఒక పూడిల్ సంకర కుక్క పెంపకం డైరీ

తేవడానికి 4 నెలల ముందు

కుక్కను పెంచుకోవాలన్న కోరిక పిల్లలది, వద్దన్న మాట నా భార్యది, ఆ రెంటికీ మధ్య సంధి కుదిర్చే పని నాది. ఆమె అయిష్టానికి కారణం కుక్కలు కాదు, తుమ్ములు. కుక్క ఉన్న ఇంటికి వెళ్లి వచ్చిన రోజు సాయంత్రానికల్లా ఆమె కళ్లు ఎర్రబడి, ముక్కు దిబ్బడ వేస్తుంది. అందుచేత మా వెతుకులాట మొదటినుంచీ పూడిల్ సంకరాల చుట్టూనే, అంటే ఉంగరాల జుట్టున్న పూడిల్‌కు వేరే జాతి కుక్కతో పుట్టే పిల్లల చుట్టూనే తిరుగుతోంది. జుట్టు రాలదు, అలర్జీ రాదు అన్న రెండు మాటలు ఆ కుక్కల పేరుకంటే ముందే చెవిన పడతాయి. వీటిలో మొదటిది చాలావరకు నిజమని, రెండవదాన్ని నమ్ముకుని కుక్కను తెచ్చుకోకూడదని తేల్చుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది.

అలర్జీని కలిగించేది జుట్టు కాదు. కుక్క లాలాజలంలోను, చర్మంపై నుంచి రాలే సన్నని పొట్టులోను, మూత్రంలోను ఉండే కొన్ని ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. కుక్క ఒళ్లు నాకుకున్నప్పుడు అవి జుట్టుకు అంటుకుంటాయి, ఆరి గాలిలోకి లేస్తాయి. నెదర్లాండ్స్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, అలర్జీ రాదని పేరుపడిన కుక్కల జుట్టు నమూనాలను పరీక్షించగా, ఆ ప్రోటీన్లలో ముఖ్యమైనది తక్కువగా ఉండడం మాట అటుంచి, మిగిలిన జాతులలోకంటే ఎక్కువగానే కనిపించింది.

ఈ సంకరాలకు ఇంత పేరు రావడానికి మూలమైన కథ కూడా అదే చెబుతోంది. 1980ల చివరలో ఆస్ట్రేలియాలో చూపులేనివారికి దారి చూపే గైడ్ డాగ్‌ల సంస్థలో పనిచేస్తున్న వాలీ కాన్రన్, హవాయిలో ఉంటున్న చూపులేని ఒక మహిళ కోసం, అలర్జీ ఉన్న ఆమె భర్తకు కూడా సరిపడే కుక్కను తయారుచేయబోయి, ముందు పూడిళ్లతో ప్రయత్నించి, అవి ఆ పనికి కుదరకపోవడంతో, లాబ్రడార్‌ను స్టాండర్డ్ పూడిల్‌తో జతకట్టించారు. ఆ ఈతలో పుట్టినవి మూడే పిల్లలు. వాటి జుట్టు, లాలాజలం నమూనాలను హవాయికి పంపితే ఆ భర్తకు సరిపడింది ఒక్కదానివే. లాబ్రడూడిల్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన ఆ కాన్రనే, తరవాతి కాలంలో ఆ పేరు మీద లెక్కాపత్రం లేకుండా పిల్లలను పుట్టించి అమ్మడం పెరిగిపోయిందని బాహాటంగా విచారపడ్డారు. ఒకే ఈతలోని మూడింటిలో ఒక్కటే సరిపడినప్పుడు, జాతి పేరు చూసి హామీ ఇవ్వడం ఎవరివల్లా కాదు. అందువల్ల మా ఇంట్లో నియమం ఒకటే పెట్టుకున్నాము. నా భార్య ఏ కుక్కపిల్లను తేబోతున్నామో దాని తల్లితోను, వీలైతే తండ్రితోను, ఆ పిల్లతోను వేర్వేరు రోజులలో గంటకు తక్కువ కాకుండా గడపాలి. తుమ్ములు వస్తే ఆ పిల్ల మనది కాదు.

తేవడానికి 2 వారాల ముందు

పూడిల్‌లో స్టాండర్డ్, మినియేచర్, టాయ్ అన్న పరిమాణాలు ఉన్నాయి కనుక సంకరం ఎంత పెద్దదవుతుందో పూడిల్ వైపు నుంచి కూడా లెక్క వేసుకోవాలి. మాకు చిన్న పిల్లలున్నారు కాబట్టి మరీ సున్నితమైన టాయ్ సంకరాన్ని, 30 కిలోలకు పెరిగే స్టాండర్డ్ సంకరాన్ని పక్కన పెట్టి, మినియేచర్ పూడిల్‌కు కాకర్ స్పానియల్‌కు పుట్టే కాకపూ మీద మనసు నిలిపాము. ఈ రెండూ వేటగాళ్ల వెంట తిరిగిన జాతులే, పూడిల్ అయితే నీళ్లలో పడిన పక్షులను ఈది తెచ్చేది. చూడడానికి బొమ్మలా ఉన్నా దాని బుర్రకూ కాళ్లకూ రోజూ పని కావాలి. ఇది మేము మరిచిపోకూడదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

సంకరమైతే జబ్బులు రావన్న ధీమా కూడా చాలామందికి ఉంది. బ్రిటన్‌లో 2024లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం కాకపూ, లాబ్రడూడిల్, కావపూ (కావలియర్ స్పానియల్‌కు పూడిల్‌కు పుట్టేది) సంకరాలను వాటి తల్లిదండ్రుల జాతులతో 57 రుగ్మతల విషయంలో పోల్చి చూస్తే, నూటికి 86కు పైగా పోలికలలో ఏ తేడా కనిపించలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. కంటి రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోయే వంశపారంపర్య జబ్బు ఒకటి పూడిల్‌లోను ఉంది, కాకర్‌లోను ఉంది. తల్లికీ తండ్రికీ చెడిన జన్యువు ఒక్కొక్కటి ఉంటే, రెండూ చక్కగా చూస్తూ తిరుగుతూనే ఉంటాయి గాని, పుట్టే పిల్లలలో ప్రతి ఒక్కదానికీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. రెండు జాతులకూ ఉమ్మడిగా ఉన్న జబ్బును సంకరం కడిగివేయలేదు. ఆ జన్యు పరీక్ష కాగితం, తుంటి ఎముకల ఎక్స్‌రే ఫలితం, మోకాలి చిప్ప జారడం లేదన్న పశువైద్యుల ధ్రువీకరణ, ఈ మూడూ తల్లిదండ్రులు రెంటికీ చూపగలిగిన వారి దగ్గరే పిల్లను తీసుకోవాలని నిశ్చయించుకున్నాము.

మొదట వెళ్లిన చోట పెంపకందారు పిల్లలను మాత్రమే బయటకు తెచ్చి చూపించాడు. తల్లిని చూపమంటే, "నిద్రపోతోందండీ, మళ్లీ చూద్దురుగాని" అన్నాడు. పరీక్షల కాగితాల గురించి అడిగితే అలర్జీ రాదని తాను పూచీ పడతానన్నాడు. అడిగినదానికి జవాబు లేదు, అడగనిదానికి పూచీ ఉంది. తిరిగి వచ్చేశాము.

రెండవ చోట తల్లికుక్క పిల్లలతోపాటు ఇంటి నడిమధ్యనే ఉంది. మేము అడగబోయే ప్రశ్నలకంటే ఆ ఇంటావిడ మమ్మల్ని అడిగినవే ఎక్కువ. పగలు ఇంట్లో ఎవరుంటారు, దువ్వడం ఎవరు చేస్తారు, పెంచలేకపోతే తనకే తిరిగి ఇస్తామా అని. నా భార్య మూడుసార్లు వెళ్లింది. రెండవసారి ముక్కు కొంచెం దురద పెట్టింది, మూడవసారి ఏమీ కాలేదు. ఐదు పిల్లలలో మేము ఎంచుకున్నది అన్నిటికంటే ముందు మా మీదికి దూకినదీ కాదు, మూలన నక్కినదీ కాదు. నా చేతిలోని తాళంచెవుల గుత్తి నేలమీద పడినప్పుడు ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి పోయి, కొద్ది క్షణాలకే తిరిగి వచ్చి గుత్తిని వాసన చూసిన గోధుమరంగు ఆడపిల్ల. భయపడని పిల్లకంటే భయం నుంచి త్వరగా తేరుకునే పిల్ల ఇంటికి మంచిదని నా అభిప్రాయం.

వయసు 8 వారాలు: మొదటి వారం

పాప దానికి దూది అని పేరు పెట్టింది. రోజుకు 18 గంటలు నిద్రపోతోంది, మిగిలిన 6 గంటలలో మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆట ముగిసిన వెంటనే బయటకు తీసుకువెళ్లాలన్న సూత్రం తెలిసినా, మొదటి 7 రోజులలో ఇంట్లో 11 సార్లు తడిపింది. లెక్క చూస్తే అందులో 8 సార్లు ఆట మధ్యలోనే జరిగాయి. అంటే ఆట ముగిసే దాకా ఆగడమే మా తప్పు. రేపటి నుంచి ఆట మధ్యలోనే ఒకసారి బయటకు.

వయసు 11 వారాలు

తడపడం వారానికి రెండుకు తగ్గింది. టీకాల వరుస 16 వారాల దాకా సాగుతుంది, కాని కొత్త మనుషులను, చప్పుళ్లను నిర్భయంగా స్వీకరించే వయసు సుమారు 14 వారాలకే ముగిసిపోతుంది. ఈ రెండు గడువులకూ పొత్తు కుదరదు. పశువైద్యురాలి సలహా మీద దూదిని నేలమీద దించకుండా చంకన వేసుకుని తిప్పుతున్నాము. గొడుగు, చక్రాల కుర్చీ, గడ్డం, ఏడ్చే పసిబిడ్డ, చెత్త బండి అన్నీ చూసింది. చూసినప్పుడల్లా నోటికి బహుమతిగా ఒక తిండి గింజ.

ఇంట్లో మరొక సాధన నడుస్తోంది. పాదం పట్టుకోవడం, గోరు తాకడం, చెవి దొప్ప ఎత్తడం, పెదవి పైకెత్తి పళ్లు చూడడం, దువ్వెన వీపుకు ఆనించడం, ఒక్కొక్కటీ రెండు క్షణాలు చేసి గింజ ఇవ్వడం. జుట్టు కత్తిరించే యంత్రాన్ని దూరంగా ఊరకే ఆడించి ఆపుతున్నాను. రోజూ మెత్తని బ్రష్‌తో 10 నిమిషాలు దువ్వుతున్నాను, కదలకుండా కూర్చుంటోంది. ఈ జుట్టు గురించి అందరూ ఇంతగా ఎందుకు భయపెట్టారో అర్థం కావడం లేదు.

వయసు 5 నెలలు

పాలపళ్లు ఊడుతున్నాయి. 28 పోయి 42 రావాలి, ఆ లోపల మా ఇంట్లో సాంతంగా మిగిలే మేజోళ్లు ఎన్నో చెప్పలేను. పూడిల్ తెలివి రెండంచుల కత్తి. మేజోడు నోట కరుచుకుంటే ఇంటిల్లిపాదీ తన వెంట పరుగెత్తుతారని రెండే రోజులలో నేర్చుకుంది.

సోమవారం నాడు బాబు దాని నోటిలోని మేజోడును లాగబోతే గుర్రుమంది. వాడు భయపడి, ఆ భయంలో దాని మీద గట్టిగా అరిచాడు. ఆ గుర్రును నేను మందలించలేదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక, దాని నోరు నొక్కితే హెచ్చరిక పోతుంది, కరవాలన్న కోపం మాత్రం ఉండిపోతుంది. ఆ రోజు నుంచి ఎవరూ వెంటపడడం లేదు, ఎవరూ లాగడం లేదు, దానికంటే ఇష్టమైనది ఏదో చూపి మారకం వేస్తున్నాము. రెండు వారాలు గడిచాక మేజోడు దొరికితే తానే తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటోంది. ఇది వ్యాపారమే, ఒప్పుకుంటాను. పిల్లలకు మరొక నియమం పెట్టాము. మూడు లెక్కపెట్టేంత సేపు నిమిరి చెయ్యి తీసేయాలి, అది మళ్లీ దగ్గరకు వస్తేనే నిమరాలి. పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు జోలికి పోకూడదు.

వయసు 8 నెలలు

ఈ పుట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి.

మొదటిసారి పూర్తి కత్తిరింపు కోసం గ్రూమర్ దగ్గరకు, అంటే కుక్కల జుట్టు కత్తిరించే ఆవిడ దగ్గరకు తీసుకువెళ్లాను. పైనుంచి చూస్తే దూది నిజంగానే ఏకిన దూదిలా, మెత్తగా, గుండ్రంగా ఉంది. ఆమె బల్లమీద నిలబెట్టి, పళ్లు సన్నగా ఉన్న ఇనుప దువ్వెనను వీపు మీద జుట్టు మొదళ్లలోకి దింపి లాగింది. దువ్వెన వేలెడు దూరం కదిలి ఆగిపోయింది. చెవుల వెనుక ఆగింది. చంకలలో అసలు దిగలేదు. ఆమె జుట్టును రెండు చేతులతో విడదీసి నాకు చూపించింది. పైన రెండు అంగుళాల మేర విడివిడిగా ఉన్న జుట్టు, దాని కింద చర్మానికి అంటుకుని దుప్పటి ముక్కలా అట్టకట్టిన ఒక పొర.

"రోజూ దువ్వుతున్నానండీ" అన్నాను.

"దువ్వుతున్నారు, కాదనడం లేదు. పైపైనే దువ్వుతున్నారు. లోపలికి దువ్వెన ఒక్కసారి కూడా వెళ్లలేదు" అంది.

ఇంటికి వచ్చి డైరీ తిరగేశాను. ఆరు నెలలుగా ప్రతి రోజుకూ ఎదురుగా "దువ్వాను, 10 నిమిషాలు" అని నా చేతిరాతలోనే ఉంది. రాసిన ప్రతి మాటా నిజమే. కొలవవలసినది నిమిషాలను కాదన్నదే నాకు తోచలేదు.

జరిగినది ఇప్పుడు స్పష్టంగానే ఉంది. 6 నెలల నుంచి ఏడాది లోపల పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. వేరే కుక్కలలో పాత జుట్టు నేలమీద రాలుతుంది, మనం ఊడ్చుకుంటాము. ఉంగరాలు తిరిగిన జుట్టులో అది రాలదు, కొత్త జుట్టు మధ్యనే చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. రాలదని సంతోషించిన జుట్టంతా కుక్క ఒంటి మీదనే పోగుపడిందన్న మాట. దానికి తోడు నడకకు ఛాతీ చుట్టూ తొడిగే పట్టీని, హార్నెస్‌ను, రోజంతా తీయకుండా ఉంచాము, అది ఒరుసుకున్న చోటల్లా జడలు కట్టింది. వానలో తడిసి వచ్చినప్పుడు తువాలుతో గిరగిరా రుద్దాము. తడిసి ఆరిన చిక్కు ఇంకా బిగుసుకుంటుందని అప్పుడు తెలియదు.

విప్పవచ్చునా అని అడిగితే ఆమె వద్దంది. అంత మేర విప్పాలంటే గంటల తరబడి చర్మం లాగాలి, అది కుక్కను హింసించడమేనని, ఒకసారి అలా చేస్తే జీవితాంతం బల్ల ఎక్కదని చెప్పింది. చిక్కు కింద నుంచి యంత్రం నడిపి ఒళ్లంతా గొరగవలసి వచ్చింది. అట్ట ఒకే ముక్కగా, గొర్రె ఉన్నిలా ఊడి వచ్చింది. దాని కింద చంకలలో చర్మం ఎర్రగా కంది ఉంది. చెవుల జుట్టు తీసిన తరవాత తల విపరీతంగా విదిలిస్తుందని, అలా విదిలిస్తే చెవి దొప్పలో రక్తం గూడు కట్టవచ్చునని, రెండు రోజులు గమనిస్తూ ఉండమని హెచ్చరించింది. కాలేదు. మూరెడు కుక్క జానెడై ఇంటికి వస్తే పాప గుర్తుపట్టలేక, "నాన్నా, మన దూది ఏదీ?" అని నా వెనుక వెతికింది.

వయసు 9 నెలలు

జుట్టు అంగుళం పెరిగింది, పద్ధతి మార్చాను. పనిముట్లు రెండే. సన్నని తీగ పళ్లు వంగి ఉండే స్లికర్ బ్రష్ ఒకటి, ఇనుప దువ్వెన ఒకటి. బల్లమీద జారని చాప వేసి దూదిని ఒక పక్కకు పడుకోబెడతాను. పాదం దగ్గర మొదలుపెట్టి, ఎడమ అరచేతితో జుట్టునంతా పైకి అదిమి పట్టి, దాని కింద ఒక్క పాయను మాత్రమే వదులుతాను. ఆ పాయకూ పైన పట్టుకున్న జుట్టుకూ మధ్య చర్మం తెల్లని గీతలా కనబడాలి. కనబడకపోతే పాయ మందంగా ఉన్నట్టు. ఆ గీత దగ్గర నుంచి కిందికి బ్రష్‌ను తేలికగా, మణికట్టు మాత్రమే కదిలేలా లాగుతాను. ఎంత తేలికగా అన్నది నా ముంజేతి మీద ముందు లాగి చూసుకున్నాను. నాకు మండితే దానికీ మండుతుంది. పిదప ఇనుప దువ్వెన మొదలు నుంచి కొస దాకా ఆగకుండా జారితే, అరచేతిని అర అంగుళం పైకి జరిపి మరొక పాయను వదులుతాను. దూది ఏకినట్టు అన్న మాటను ఇన్నేళ్లూ వాడుతూ వచ్చాను గాని, అది ఎంత నిదానమైన పనో నా చేతులకు ఇప్పుడే తెలిసింది.

దువ్వెన ఆగితే అక్కడ ముడి ఉంది. ముడికీ చర్మానికీ మధ్య రెండు వేళ్లతో జుట్టును నొక్కి పట్టుకుంటే లాగినా కుక్కకు నొప్పి తెలియదు. కొసల నుంచి కొంచెం కొంచెంగా విప్పుకుంటూ లోపలికి రావాలి. కత్తెర పెట్టకూడదు. ముడి లోపలికి చర్మం కూడా లాగబడి ఉంటుంది, తెగితే కుట్లు పడతాయి. స్నానానికి ముందు దువ్వెన ఒళ్లంతా జారాలి, స్నానం తరవాత రుద్దకుండా తువాలుతో అద్ది, గాలి యంత్రంతో ఆరబెడుతూనే బ్రష్ చేయాలి. హార్నెస్ నడక ముగియగానే తీసేస్తున్నాము.

డైరీలో గడి కూడా మార్చాను. నిమిషాలు రాయడం లేదు. చెవుల వెనుక, చంకలు, గజ్జలు, మెడపట్టీ కింద, తోక మొదలు, ఈ ఐదు చోట్ల దువ్వెన చర్మం దాకా దిగి ఆగకుండా బయటకు వచ్చిందా లేదా అన్నదే రాస్తున్నాను.

వయసు 11 నెలలు

మంగళవారం నుంచి తల విదిలిస్తోంది, కుడి చెవి నుంచి పులిసిన వాసన. కాకర్ వైపు నుంచి బరువుగా వేలాడే దొప్ప, పూడిల్ వైపు నుంచి చెవి గొట్టం లోపల జుట్టు, రెండూ కలిసి గాలి ఆడకుండా చేశాయి, అంతకుముందు ఆదివారం ఈత కొట్టినప్పుడు చేరిన నీరు మిగిలిన పని చేసింది. పశువైద్యురాలు గొట్టంలోకి దీపం వేసి చూసి, నమూనా తీసి, చుక్కల మందు ఇచ్చారు. కుక్క చెవి గొట్టం నిలువుగా దిగి లోపల అడ్డంగా మలుపు తిరుగుతుంది కనుక పుల్లకు దూది చుట్టి తిప్పితే మురికి ఇంకా లోపలికి పోతుందని, శుభ్రపరిచే ద్రవం పోసి, చెవి మొదలును బయటి నుంచి పిసికి, తనంతట తాను విదిలించుకున్నాక పైకి వచ్చినదాన్ని మాత్రమే తుడవాలని చూపించారు. ఆరోగ్యంగా ఉన్న చెవిలో జుట్టును అదే పనిగా పీకవద్దన్నారు. ఇకమీద ఈత తరవాత చెవులు ఆరబెట్టడం కూడా గడిలో చేరింది.

వయసు 16 నెలలు

బరువు 9 కిలోల దగ్గర నిలిచింది. జుట్టును అంగుళానికి మించి పెరగనివ్వడం లేదు, 6 వారాలకు ఒకసారి గ్రూమర్ కత్తిరిస్తారు. ఫొటోలలో కనిపించే గుబురు బొమ్మ రూపం మా వల్ల కాదని ఒప్పుకున్నాక ఇంట్లో అందరికీ ప్రాణం హాయిగా ఉంది, దూదికి కూడా. నా భార్యకు తుమ్ములు పూర్తిగా పోలేదు. పడకగది తలుపు ఎప్పుడూ మూసి ఉంచడం, దువ్వే పని నాది కావడం, దువ్విన చోటును వెంటనే తుడవడం వల్ల అవి భరించగలిగే హద్దులో ఉన్నాయి. చెంపలు నాకనిచ్చిన రోజు మాత్రం కళ్లు ఎర్రబడతాయి, ఆ సంగతి తెలిసీ నాకనిస్తుంది.

ఒంటరిగా ఉండడం మూడున్నర గంటల దాకా అలవాటైంది. మొదట్లో తలుపు వేసి పది లెక్కపెట్టి తెరవడంతో మొదలైన సాధన అది, వారానికి కొన్ని నిమిషాల చొప్పున పెరిగింది. రోజూ రెండు నడకలు, మధ్యాహ్నం దాచిన గింజలను వాసన పట్టి వెతికే ఆట ఒకటి. ఆ ఆట మానిన రోజున మేజోళ్ల వ్యాపారం మళ్లీ తెరుచుకుంటుంది.

ఈ నెల నుంచి దువ్వెన పరీక్ష పాపకు అప్పగించాను. నిన్నటి గడిలో పాప చేతిరాత: చెవుల వెనుక, దిగింది. గజ్జలు, దిగింది. మెడ, దిగింది. తోక, దిగింది. ఎడమ చంక, ఆగింది, చిన్న ముడి, నేనే విప్పాను, రెండు గింజలు ఇచ్చాను.